ప్యూరిఫయర్ కొనే ముందు గది కొలవండి

ఎయిర్ ప్యూరిఫయర్ మాట ఎత్తితే మా కడపలో వచ్చే మొదటి జవాబు, "అది ఢిల్లీ వాళ్ళకు కదా, మనకెందుకు?" అని. ఈ మాట నేను ఒప్పుకోను. కేంద్ర ప్రభుత్వం 2019లో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టి, మన దేశం పెట్టుకున్న హద్దుల్లోకి గాలిని తెచ్చుకోలేకపోతున్న ఊళ్ళ జాబితా తయారు చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్ళు 13 ఉన్నాయి. కడప, కర్నూలు, అనంతపురం మూడూ వాటిలో ఉన్నాయి. పైగా మన దేశపు హద్దు ఏమంత కఠినమైనది కాదు. పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన 2009 నాటి ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన హద్దును 2021లో 10 నుంచి 5కి దించింది. మనవాళ్ళ లెక్కలో "ఫరవాలేదు" అనిపించుకునే గాలి కూడా డాక్టర్ల లెక్కలో మంచి గాలి కాదు.

అలాగని ఇంటికొకటి కొనమని చెప్పడానికి ఇది రాయడం లేదు. కొనక తప్పని ఇళ్ళు కొన్ని ఉంటాయి. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళు, చీటికిమాటికి పిల్లికూతలు వచ్చే పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఉన్న ఇళ్ళు అవి. మాది అలాంటి ఇల్లే. మా అత్తకు చలికాలం వస్తే రాత్రిళ్ళు ఆయాసం. మేం ఒకటి తెచ్చుకున్నాక చుట్టాలు ఒకరొకరే అడగడం మొదలుపెట్టారు. అనంతపురంలో తమ్ముడికి, కర్నూల్లో చిన్నమ్మకు నేనే చూసి కొనిపించాను. ఈ పనిలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. ఈ మిషన్ మంచిదా కాదా అన్నది దాన్ని పెట్టబోయే గదిని బట్టి తేలుతుంది. గది పొడవు, వెడల్పు, ఎత్తు తెలియకుండా "ఏ కంపెనీ మంచిది" అని అడిగితే ఎవరి దగ్గరా నిజమైన జవాబు ఉండదు.

ముందు మన దుమ్ము సంగతి చూద్దాం. ఎర్రగుంట్ల దారిలో సిమెంటు లారీలు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు, ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట తవ్వి పెట్టిన రోడ్లు, ఎండాకాలం నెలల తరబడి చుక్క వాన పడని నేల. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. చాలామంది ఆ దుమ్ము పోతుందనే ఆశతోనే ప్యూరిఫయర్ కొంటారు. అది పోదు. టీవీ మీద వాలేది పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉన్న ముతక దుమ్ము. దానికి బరువుంటుంది, తొందరగా కిందికి దిగిపోతుంది, మిషన్ దాకా వచ్చేలోపే నేలను పడుతుంది. లోపలికి పీల్చినా చాలా వరకు ముక్కులోనే ఆగుతుంది. దానికి మందు తడిగుడ్డే. చీపురుతో పొడి ఊడుపు ఊడ్చి దుమ్ము లేపడం మానేసి తడిగుడ్డ పెట్టిస్తే సగం తేడా అక్కడే కనబడుతుంది.

మనకు ప్రమాదం చేసేది కంటికి కనబడని రెండో రకం. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి కణాలు. ఇవి గంటల తరబడి గాలిలోనే తేలుతూ ఉంటాయి, ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి సంచుల దాకా వెళ్తాయి, వాటిలో మరీ సన్నటివి నెత్తురులో కూడా కలుస్తాయి. లారీ పొగ, వీధి చివర తగలబెట్టే చెత్త, హోటల్ కట్టెల పొయ్యి, ఇంట్లో వెలిగించే దోమల కాయిల్, ఎక్కువగా ఇలా ఏదో ఒకటి కాలితే పుట్టే సరుకు ఇది. ప్యూరిఫయర్ చేయగలిగిన మేలు ఈ రెండో రకం విషయంలోనే.

మిషన్‌లో ఏముంటుందో చూస్తే భయం పోతుంది. ఒక ఫ్యాను, దాని ముందు ఒక ఫిల్టర్, అంతే. ఆ ఫిల్టర్ పేరు హెపా. 1940లలో అమెరికాలో అణుబాంబు తయారీ జరిగిన రోజుల్లో, గాలిలో తేలే రేడియోధార్మిక కణాలను పట్టడానికి పుట్టిన సంగతి ఇది. తర్వాత ఆపరేషన్ థియేటర్లకు, మందుల ఫ్యాక్టరీలకు, ఇప్పుడు మన పడకగదికి వచ్చింది. సన్నటి పోగులతో చేసిన కాగితం లాంటి దాన్ని మడతలు మడతలుగా మడిచి చట్రంలో బిగిస్తారు. 2020లో అమెరికాలో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరు ఒక చదరపు ఫ్యానుకు చుట్టూ ఫిల్టర్లు కట్టి, టేపు అంటించి ప్యూరిఫయర్ చేసి చూపించారు, అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఫ్యాను ఎంత గాలి లాగుతుంది, ఫిల్టర్ ఎంత ధూళి పడుతుంది అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పిన మిషన్‌కే డబ్బు పెట్టాలని నేనంటాను. వైఫై, ఫోన్ యాప్, రంగురంగుల లైట్లు, మాట వినే సదుపాయం, వీటన్నిటికీ కట్టే డబ్బు మా అత్త ఊపిరికి ఏ రకంగానూ ఉపయోగపడదు.

ఈ రెంటినీ కలిపి చెప్పే అంకె ఒకటుంది. దాన్ని సీఏడీఆర్ అంటారు. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలిని మిషన్ బయటికి ఇస్తుందో అదే ఈ అంకె. కొన్ని కంపెనీలు నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని రాస్తాయి, దాన్ని 1.7తో గుణిస్తే గంటకు ఘనపు మీటర్లు వస్తాయి. పడకగదిలో గాలి మొత్తం గంటకు ఐదుసార్లు ఫిల్టర్ గుండా తిరగాలి, జబ్బు మనిషి ఉన్న గదికి ఇంతకంటే తక్కువ ఒప్పుకోవద్దు. మా గది పొడవు 12 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. గుణిస్తే 1,440 ఘనపుటడుగులు, అంటే సుమారు 41 ఘనపు మీటర్లు. దానికి ఐదు రెట్లు 205. కాబట్టి మా గదికి సీఏడీఆర్ కనీసం 205 ఉన్న మిషన్ కావాలి. ఎత్తు మర్చిపోవద్దు. అమెరికా లెక్కలు 8 అడుగుల పైకప్పును బట్టి వేస్తారు, మన మిద్దెలు 10 అడుగులు, పాత ఇళ్ళయితే 12 కూడా ఉంటాయి. అక్కడి లెక్క ఇక్కడ పెడితే మిషన్ చాలదు.

ఒక షాపులో జరిగిన మాటలు చెబుతాను. "అక్కా, ఇది ఐదొందల చదరపుటడుగుల దాకా లాగుతాదక్కా. హాలు, బెడ్రూము రెండూ కవరైపోతాయి" అన్నాడు పిల్లోడు. "సీఏడీఆర్ ఎంత నాయనా?" అంటే, "అదేందక్కా?" అన్నాడు. తప్పు వాడిది కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరం డబ్బా తిరగేసి చూస్తే అడుగున సన్నటి అక్షరాల్లో 150 అని ఉంది. 500 చదరపుటడుగుల హాలు, 10 అడుగుల ఎత్తు అంటే 5,000 ఘనపుటడుగులు, సుమారు 142 ఘనపు మీటర్లు. అంటే ఆ డబ్బా మీది పెద్ద అక్షరాల మాటకు అర్థం, గాలి గంటకు ఒక్కసారి తిరుగుతుందని. కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి వచ్చే ధూళి దాన్ని ఎప్పటికప్పుడు వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఆ మిషన్ మా 12 బై 12 గదిలో పెట్టినా నాలుగుసార్లు కూడా తిరగదు.

ఈ "ఇన్ని చదరపుటడుగులు" అనే మాటకు అందరూ ఒకే సూత్రం వాడరు. చైనా ప్రమాణంలో సీఏడీఆర్‌ను 0.07 నుంచి 0.12 వరకు ఏదో ఒక అంకెతో గుణించి చదరపు మీటర్లు చెబుతారు. అమ్మేవాళ్ళు ఏ అంకె ఎంచుకుంటారో చెప్పనక్కర్లేదు. 300 సీఏడీఆర్ మిషన్‌ను 0.12తో గుణిస్తే 36 చదరపు మీటర్లు, అంటే 390 చదరపుటడుగులకు కాస్త తక్కువ. మన 10 అడుగుల ఎత్తు గదిలో అది గంటకు మూడుసార్లు కూడా కాదు. ఐదుసార్లు తిరగాలంటే అదే మిషన్ 210 చదరపుటడుగుల గదికే సరిపోతుంది. డబ్బా మీద చదరపుటడుగులు మాత్రమే రాసి సీఏడీఆర్ ఎక్కడా రాయని సరుకును నేను చేత్తో కూడా ముట్టను. ఫ్యాను ఎంత గాలి ఇస్తుందో కంపెనీకి తెలియకుండా ఉండదు. తెలిసీ రాయలేదంటే ఆ అంకె చూపించుకునేంత లేదనే నేను అనుకుంటాను.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. డబ్బా మీది సీఏడీఆర్ ఫ్యాను పూర్తి స్పీడులో తిరిగినప్పటిది. ఆ స్పీడులో చాలా మిషన్లు 50 నుంచి 60 డెసిబెల్స్ మోత చేస్తాయి. నిద్ర పట్టదు. రాత్రి స్లీప్ మోడ్‌లో పెడతారు, చప్పుడు పోతుంది, దాంతోపాటు గాలి కూడా పోతుంది, చెప్పిన దాంట్లో నాలుగో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది. మా అత్తకు ఆయాసం వచ్చేదే రాత్రి రెండు మూడింటికి. మిషన్ అప్పుడు పనిచేయకపోతే ఇంకెప్పటికి? అందుకే నా సలహా, లెక్కలో 205 వస్తే 300 నుంచి 350 ఉన్నది తీసుకుని, నడిమి స్పీడులో తిప్పండి. పెద్ద మిషన్ మెల్లగా తిరిగితే వచ్చే చప్పుడు, చిన్న మిషన్ గింజుకుంటూ తిరిగే చప్పుడు కంటే చాలా తక్కువ. పడుకునే ముందు అరగంట తలుపులు మూసి పూర్తి స్పీడులో పెట్టి, తర్వాత తగ్గిస్తే ఇంకా మంచిది. గంటకు ఐదుసార్లు తిరిగే లెక్కన, బయటి నుంచి కొత్తగా ఏదీ రాకపోతే, అరగంటలో గదిలోని ధూళి పదో వంతుకంటే తక్కువకు దిగుతుంది.

ఫిల్టర్ విషయంలో మాటల గారడీ ఎక్కువ. "హెపా టైప్", "హెపా లాంటిది", "99 శాతం" అన్న మాటలకు ఏ ప్రమాణమూ లేదు. యూరప్ ప్రమాణంలో హెచ్13 అంటే, పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతం ఆపాలి. అమెరికా లెక్కలో 0.3 మైక్రాన్ల దగ్గర 99.97 శాతం. ఆ 0.3 ఎందుకంటే, అంతకంటే పెద్దవి పోగులకు తిన్నగా వచ్చి గుద్దుకుని ఆగిపోతాయి. అంతకంటే బాగా సన్నటివి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ పోయి ఏదో ఒక పోగుకు అంటుకుంటాయి. నడిమి సైజుకు ఈ రెండూ సరిగ్గా జరగవు, అందుకే పరీక్ష అక్కడ పెడతారు. "మాది 0.1 మైక్రాన్లు కూడా పడుతుంది" అని గొప్పగా రాసేవాళ్ళు కొత్తగా సాధించిందేమీ లేదు, మంచి హెపా ఏదైనా పడుతుంది. హెచ్13 దొరికితే చాలు, హెచ్14 కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఇల్లు ఆపరేషన్ థియేటర్ కాదు, అదే గాలి మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది.

అయొనైజర్ (గాలికి విద్యుత్ ఆవేశం ఎక్కించేది), ప్లాస్మా, ఓజోన్ అని ఉన్నవాటి దగ్గర మాత్రం జాగ్రత్త, ఇవి ఓజోన్‌ను పుట్టించవచ్చు. ఓజోన్ ఊపిరితిత్తులను మంట పుట్టించే వాయువు. ఉబ్బసం ఉన్నవాళ్ళ గదిలో దాన్ని పుట్టించే యంత్రం పెట్టడం కంటే అసలేమీ పెట్టకపోవడం నయం. ప్యూరిఫయర్ల నుంచి వచ్చే ఓజోన్‌కు కాలిఫోర్నియా రాష్ట్రం 0.050 పీపీఎం (పది లక్షల భాగాల గాలికి 0.050 భాగం) అని చట్టంతో హద్దు పెట్టింది, అది దాటినవి అక్కడ అమ్మడానికి లేదు. కొన్ని మిషన్లలో అయొనైజర్‌ను ఆపే బటన్ విడిగా ఉంటుంది, అది ఉంటేనే తీసుకోండి, ఆపే వాడుకోండి. క్రిములను చంపే యూవీ లైటు ఉందని రెండు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. గాలి ఆ లైటు ముందు నుంచి క్షణంలో దాటిపోతుంది. మెడలో వేసుకునే బిళ్ళలు, కారులో కప్పు పెట్టే చోట ఇరికించే చిన్న డబ్బాల గురించి చెప్పేంత విషయం లేదు.

వాసనలు, రంగుల వాసనలోని ఆవిర్లు పోవాలంటే హెపా సరిపోదు, యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాసనలను పట్టుకునేలా తయారు చేసిన బొగ్గు కావాలి. కార్బన్ పనిచేసేది దాని బరువును బట్టి. నల్లటి స్పాంజిలా పల్చగా ఉన్న పొర కొద్ది వారాల్లోనే నిండిపోతుంది. చేత్తో పట్టుకుంటే గింజలు గలగలమనే ఫిల్టర్ మేలు. మన అవసరం ధూళే కనుక దీనికోసం ధర పెంచుకోవద్దని నా మాట.

ఇప్పుడు డబ్బు సంగతి. షాపులో అందరూ మిషన్ ధర బేరమాడతారు, ఫిల్టర్ ధర అడిగేవాళ్ళు అరుదు. మాటవరసకు మిషన్ 9,000, ఫిల్టర్ 2,500 అనుకుందాం. కంపెనీ "ఏడాది వస్తుంది" అంటుంది. మన దుమ్ములో, రోజూ పది పన్నెండు గంటలు నడిపితే ఎనిమిది నెలలు వచ్చినా మంచిదే. ఐదేళ్ళలో ఏడుసార్లు మార్చాలి, 17,500 రూపాయలు. మిషన్ ధరకు దాదాపు రెట్టింపు. ఈ లెక్క ముందే వేసుకోని ఇళ్ళలో ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. రెండో ఏడు ఫిల్టర్ మార్చరు, ఎర్రలైటు వెలుగుతుంటే ఆ లైటును రీసెట్ చేసి వాడతారు, మూడో ఏటికి మిషన్ అటక ఎక్కుతుంది. ఏటా ఫిల్టర్ కొనే స్తోమత లేకపోతే మిషన్ కొనొద్దు. కఠినంగా అనిపిస్తుందేమో గానీ ఆ డబ్బు ఇంకోచోట ఎక్కువ మేలు చేస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

ఫిల్టర్ దొరకడం కూడా ముఖ్యం. మా బంధువుల ఇంట్లో ఒక కంపెనీ మిషన్ ఉంది, మిషన్ ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది, ఫిల్టర్ మాత్రం తయారు చేయడం ఆపేశారు. ఫోన్ చేస్తే కొత్త మోడల్ కొనమని సలహా ఇచ్చారు. కొనే రోజే ఆ మోడల్ ఫిల్టర్ విడిగా అమ్మకానికి ఉందా, ధరెంత, కడపకు తెప్పిస్తారా అని చూసుకోండి. కుదిరితే ఒక అదనపు ఫిల్టర్ అప్పుడే తీసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికే "సరిపోయే" ఫిల్టర్లు చూస్తే నాకు నమ్మకం కుదరదు. చట్రానికీ మిషన్‌కూ మధ్య గోరు పట్టేంత సందున్నా గాలి ఫిల్టర్‌లోంచి కాకుండా ఆ సందులోంచే పోతుంది.

హెపా ముందు ఉండే వల లాంటి ప్రీఫిల్టర్‌ను చాలామంది లెక్కలోకి తీసుకోరు. మన ప్రాంతంలో మిషన్ ఆయుష్షు దాని మీదే ఉంటుంది. మాది రెండు వారాలకొకసారి తీస్తాను. వల కనబడదు. పైన కంబళి ముక్కలా ఒక పొర ఉంటుంది, పొడవాటి వెంట్రుకలు, దుప్పటి దూది, వాటిలో చిక్కుకున్న ఇటుక రంగు మన్ను. అంచు పట్టి లాగితే మొత్తం ఒకే చాపలా ఊడి వస్తుంది. దాని వెనక హెపా మడతల్లో మాత్రం మన్ను రంగు ఉండదు, బూడిద రంగు, మడత లోతుకు పోయేకొద్దీ ఇంకా నలుపు. ముతక దుమ్ము ఎక్కడ ఆగింది, పొగ ఎక్కడ ఆగింది అన్నది ఆ రెండు రంగుల్లోనే తెలిసిపోతుంది. ప్రీఫిల్టర్ కడిగి నీడలో బాగా ఆరబెట్టి పెట్టుకోవచ్చు. హెపాను మాత్రం కడగకూడదు, తడిస్తే పోగులు పాడవుతాయి. విడిగా ఊడి వచ్చి, నీళ్ళతో కడగడానికి వీలైన ప్రీఫిల్టర్ లేని మిషన్, ఎంత పేరున్నదైనా, రాయలసీమకు పనికిరాదు.

కరెంటు ఎక్కువ కాలుతుందని భయం అక్కర్లేదు. 40 వాట్ల మిషన్ పది గంటలు నడిస్తే 0.4 యూనిట్, నెలకు 12 యూనిట్లు. ఇన్వర్టర్ మీద కూడా సుఖంగా నడుస్తుంది. కానీ ఒకటి చూసుకోవాలి. కరెంటు పోయి వచ్చాక మిషన్ దానంతటదే మళ్ళీ మొదలవుతుందా? టచ్ బటన్ల మిషన్లలో కొన్ని ఆగిపోయి అలాగే ఉండిపోతాయి. అర్ధరాత్రి కరెంటు పోతే పొద్దున్న దాకా అది ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. షాపులోనే ప్లగ్ పీకి మళ్ళీ పెట్టి చూడండి. పోర్టబుల్ అన్న మాట కూడా అక్కడే పరీక్షించాలి. పది కిలోలున్నదాన్ని పెద్దవాళ్ళు హాల్లోంచి గదిలోకి మోయలేరు. పైన పిడి ఉండి ఐదారు కిలోల్లోపు ఉండాలి, లేదా కింద చక్రాలుండాలి. మోసుకు తిప్పగలం కదా అని ఒకే మిషన్‌తో ఇల్లంతా శుభ్రం చేయాలనుకుంటే ఏ గదీ శుభ్రం కాదు. మనిషి ఎక్కువసేపు ఉండే గదికే దాన్ని అంటిపెట్టండి, మా ఇంట్లో అది అత్త పడుకునే గది.

మన ఎండాకాలానికి సంబంధించిన చిక్కు ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. కిటికీలో పెట్టే కూలర్ బయటి గాలిని పెద్దఎత్తున లోపలికి తోస్తుంది, ఆ గాలి పోవడానికి ఇంకో తలుపో కిటికీయో తెరిచి ఉంచాలి. ఆ గదిలో ప్యూరిఫయర్ నడపడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. గంటకు వందల ఘనపు మీటర్ల బయటి గాలి వస్తుంటే మిషన్ ఏం చేస్తుంది? ఫిల్టర్ మాత్రం అరిగిపోతుంది. కాబట్టి కూలర్ వాడే నెలల్లో మిషన్ ఆపి, సంచిలో కట్టి పెట్టండి. స్ప్లిట్ ఏసీ ఉన్న గదికి ఈ ఇబ్బంది లేదు, అది లోపలి గాలినే తిప్పుతుంది. పైన సీలింగ్ ఫ్యాను తిరిగితే మంచిదే, గాలి బాగా కలుస్తుంది. కిటికీ రెక్కల సందుల్లో స్పాంజి పట్టీ అంటించడానికి వంద రెండొందలు పెడితే మిషన్ పని చాలా తేలికవుతుంది.

అలాగని గదిని ఇరవైనాలుగు గంటలూ మూసేయకూడదు. ప్యూరిఫయర్ ఆక్సిజన్ ఇవ్వదు, మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తీయదు. రోజూ కాసేపు కిటికీలు తెరవాలి. చలికాలంలో తెల్లవారుజామున తెరవడం మనకు అలవాటు, కానీ అప్పుడు చల్లటి గాలి నేలను పట్టుకుని పొగను పైకి పోనివ్వదు. ఎండెక్కాక, మధ్యాహ్నం పూట తెరవడం మేలు.

ఇంట్లో మనం పుట్టించే పొగ మాటేమిటి? దోమల కాయిల్ గురించి 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని తేల్చారు. తలుపులు మూసి, కాయిల్ వెలిగించి, పక్కన ప్యూరిఫయర్ పెట్టుకుని పడుకునే ఇళ్ళు నాకు తెలుసు. దోమతెర వంద రెట్లు నయం. సాంబ్రాణి, అగరుబత్తి దేవుడి దగ్గర వెలిగించుకోండి, కిటికీ తెరిచి, జబ్బు మనిషి పక్క గదిలో ఉన్నప్పుడు. ఎండుమిరపకాయల తిరగమాత వేస్తే మా మిషన్ మీద ధూళి చూపించే అంకె వంటింటికి రెండు గదుల అవతల కూడా ఒక్కసారిగా ఎగురుతుంది. వంటింట్లో మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను లేనివాళ్ళు ముందు అది పెట్టించుకోవాలి. ఫిల్టర్ల డబ్బు ఇంకోచోట ఎక్కువ మేలు చేస్తుందని పైన అన్నది దీని గురించే. ఎగ్జాస్ట్ ఫ్యాను, దోమతెరలు, తడిగుడ్డ, బయటికి పోయేటప్పుడు ఎన్95 మాస్కు, ఇవన్నీ కలిపినా ఒక ప్యూరిఫయర్ ధరలో సగం కావు. ఇవి చేశాక కూడా రాత్రి ఆయాసం తగ్గకపోతే అప్పుడు మిషన్ గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా ఇన్‌హేలర్ మానేయమని కాదు. డాక్టర్ చెప్పిన మందు మందే.

మిషన్ మీద కనబడే అంకెను మరీ నమ్మకండి. లోపలి చిన్న సెన్సార్ మిషన్ చుట్టూ ఉన్న గాలినే చూస్తుంది, అక్కడ గాలి ఎప్పుడూ కాస్త శుభ్రంగానే ఉంటుంది. అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నంత వరకు పనికొస్తుంది. ఫోన్లో చూసే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) మరో రకం. ప్రభుత్వ లెక్కలో అది ఊళ్ళో గాలి కొలిచే యంత్రం ఉన్న చోటి 24 గంటల సగటు. ఆ యంత్రం ఉన్న పేటలో గాలి బాగుంటే, బండల మిషన్ పక్కింట్లో కూడా బాగున్నట్టు కాదు.

బండల మిషన్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. వాటి పక్కన ఇళ్ళున్నవాళ్ళు కొందరు ప్యూరిఫయర్ గురించి నన్ను అడిగారు. ఒక పడకగదికి ఉపయోగం ఉంటుంది, కాదనను. కానీ ఆ షెడ్లలో పొడి కోత కోసే మనుషులకు ఏ ప్యూరిఫయరూ అడ్డం రాదు. కోత దగ్గర నీళ్ళు పట్టడం, దుమ్ము పుట్టినచోటే లాగేసే గొట్టాలు, లారీల మీద టార్పాలిన్, రోడ్ల మీద నీళ్ళు చల్లడం, రోడ్డు పక్క మన్ను ఎత్తేయడం, ఇవి అడిగితే జరగాల్సిన పనులు. స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో ఉన్న ఊళ్ళకు ఇలాంటి పనుల కోసం కేంద్రం నిధులిస్తూ వచ్చింది. మన మునిసిపాలిటీకి వచ్చిన డబ్బుతో మన పేటలో ఏం చేశారని వార్డు మెంబరును అడిగే హక్కు మనకుంది. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్ళు కూడా అడగాలి.

ఇక కొన్నాక చేయాల్సిన పని. చాలా కంపెనీలు ఫిల్టర్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవర్‌తోనే మిషన్ లోపల పెట్టి పంపిస్తాయి. మా వీధిలో ఒకరింట్లో మిషన్ కొని నెలలైనా దగ్గు తగ్గలేదంటే వెళ్ళి వెనక మూత తీశాను. ఫిల్టర్ తెల్లగా మెరుస్తోంది, కవర్ మీద కంపెనీ ఎర్ర స్టిక్కర్ కూడా చెక్కుచెదరలేదు. ఫ్యాను ఇన్నాళ్ళూ ఉత్తగానే తిరిగింది. తెచ్చిన రోజే మూత తీసి, కవర్ విప్పి, ఫిల్టర్ మీద ఉన్న బాణం గుర్తు సరైన వైపుకే ఉందో లేదో చూసి బిగించండి. ఫిల్టర్ అంచు మీద పెన్నుతో ఆ రోజు తేదీ రాయండి. గోడకు, మంచానికి, పరదాకు ఒక అడుగైనా ఎడంగా, జబ్బు మనిషి తల ఉండే వైపు పెట్టండి. బిల్లు, వారంటీ కాగితం, ఫిల్టర్ మోడల్ నంబరు మూడూ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే ఎనిమిది నెలల తర్వాత వెతుక్కునే పని ఉండదు.